కోవిడ్ నాటి పీసీఆర్ మెషిన్‌తో మోషన్ ప్యానెల్: కొనేముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: "నెల్లూరు పొగతోటలో మాది మధ్యస్థాయి ల్యాబ్. కోవిడ్ టైములో కొన్న రియల్ టైమ్ పీసీఆర్ మెషిన్ ఖాళీగా ఉంది. విరేచనాలకు కారణమయ్యే బాక్టీరియా, వైరస్‌లు, పరాన్నజీవులు కలిపి 22 టార్గెట్లు చూసే ప్యానెల్ కిట్ తీసుకోమని కంపెనీ వాళ్ళు వెంటపడుతున్నారు. సెన్సిటివిటీ 98 శాతం అని బ్రోచర్‌లో ఉంది. మా కల్చర్‌తో పోల్చి చూసుకుంటే సరిపోతుందా? ఎన్ని శాంపిళ్ళు చేయాలి?"

జవాబు:

సెన్సిటివిటీ అంటే క్రిమి నిజంగా ఉన్నవాళ్ళలో ఎంత శాతం మందిని టెస్టు పట్టుకుంటుందో ఆ లెక్క. ఆ 98 శాతం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీకు శాంపిళ్ళు పంపే పిల్లల డాక్టర్లను, ఫిజీషియన్లను నలుగురైదుగురిని కలవండి. "ఈ 22లో ఏది పాజిటివ్ వస్తే మీరు మందు మారుస్తారు?" అని అడగండి. ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను. కాసేపు ఆలోచించి ఆరేడు పేర్లు చెబుతారు, అంతే. నొరో వైరస్ వచ్చినా, ఆస్ట్రో వచ్చినా, సాపో వచ్చినా చేసేది ఓఆర్ఎస్ ఇవ్వడం, పిల్లలకైతే జింక్ రాయడం. వైరస్ అని తేలితే యాంటీబయాటిక్ ఆపేస్తామని అంటారు గానీ, నిజంగా ఆపేవాళ్ళను నేను చూసింది తక్కువ.

మందు మార్చేవి ఏవంటే షిగెల్లా, కలరా, ఎంటమీబా హిస్టొలిటికా, జియార్డియా. హెచ్ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడేవాళ్ళలో, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళలో క్రిప్టోస్పోరిడియం. ఆసుపత్రిలో పడుకుని యాంటీబయాటిక్స్ వాడాక మొదలైన విరేచనాల్లో క్లాస్ట్రిడియోయిడిస్ (పాత పేరు క్లాస్ట్రిడియం) డిఫిసిల్. షిగా టాక్సిన్ అనే విషాన్ని విడుదల చేసే ఈ. కోలై మనదగ్గర అరుదు. కానీ వస్తే యాంటీబయాటిక్ ఇవ్వకుండా ఉండటానికి ఆ సమాచారం కావాలి. మీ శ్రమ, మీ డబ్బు ముందు వీటిమీద పెట్టండి. మిగతావి పని చేస్తున్నాయా లేదా అని కంట్రోల్స్‌తో, అంటే ఫలితం ముందే తెలిసిన శాంపిళ్ళతో, చూసుకుంటే చాలు.

అమీబా దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. నా లెక్కలో మన జిల్లాల్లో ఈ టెస్టు చేయగల అతిపెద్ద ఉపకారం ఇక్కడే ఉంది. సాదా మోషన్ టెస్టులో మైక్రోస్కోప్ కింద నాలుగు కేంద్రకాల సిస్టు కనిపిస్తే "ఎంటమీబా హిస్టొలిటికా సిస్టులు ఉన్నాయి" అని రాసేస్తాం. చూపుకి అది హిస్టొలిటికానో, ఏ హానీ చేయని డిస్పారో చెప్పే మార్గం లేదు. ఎర్ర రక్తకణాలు మింగిన ట్రోఫొజోయిట్ (కదిలే దశలోని అమీబా) కనబడితే తప్ప మైక్రోస్కోప్ చేతులెత్తేస్తుంది. ఆ ఒక్క లైను చూసి ఎన్ని వేల మంది మెట్రొనిడజోల్ మింగి నోరు చేదు చేసుకున్నారో లెక్కే లేదు. క్రిమి జన్యువుల్ని వెతికే పీసీఆర్ ఈ రెండింటినీ విడదీస్తుంది. కాబట్టి మీ మూల్యాంకనంలో సిస్టు పాజిటివ్ స్లైడ్లకు సంబంధించిన శాంపిళ్ళు తప్పకుండా పెట్టండి. వాటిలో ఎన్ని నిజంగా హిస్టొలిటికా అని తేలుతుందో చూశాక మీ పాత రిపోర్టుల మీద మీకే అనుమానం వస్తుంది.

ఇక మీరు అడిగిన కల్చర్‌తో, అంటే బాక్టీరియాను ప్లేట్ మీద పెంచి చూసే పద్ధతితో, పోలిక. సరిపోదు. కారణం మీ ఫ్రిజ్‌లో కాదు, దారిలో ఉంది. కావలి నుంచో ఆత్మకూరు నుంచో ఉదయం ఎనిమిదింటికి డబ్బాలో పట్టిన మోషన్ బస్సులో వచ్చి, మీ కౌంటర్ మీద కూర్చుని, మధ్యాహ్నం మూడింటికి ప్లేట్ ఎక్కుతుంది. మే నెల ఎండలో ఆ ఏడు గంటల్లో షిగెల్లా చాలామటుకు చచ్చిపోతుంది. దారిలో బాక్టీరియా చావకుండా చూసే క్యారీ బ్లెయిర్ మీడియంలో వేసి పంపేవాళ్ళు ఎంతమంది? డీఎన్ఏ మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు పీసీఆర్ పాజిటివ్, కల్చర్ నెగెటివ్ వస్తుంది. కల్చర్‌నే ప్రమాణంగా పెట్టుకుంటే మీరు దాన్ని "తప్పు పాజిటివ్" అని రాస్తారు. మంచి టెస్టుకి చెడ్డ పేరు వస్తుంది. క్యాంపైలోబాక్టర్ అయితే మరీ అన్యాయం. దానికి 42 డిగ్రీలు, ఆక్సిజన్ తక్కువ ఉండే జార్ కావాలి. మన ఊళ్ళల్లో చాలా ల్యాబులు దాన్ని పెంచే ప్రయత్నమే చేయవు.

అలాగని తేడా వచ్చిన శాంపిళ్ళను మాత్రమే ఏరి, ఇంకో పీసీఆర్‌తో మళ్ళీ చేసి "చూశారా, ఇది కూడా పాజిటివే" అని లెక్క సవరించడం కూడా సరికాదు. కంపెనీల పేపర్లలో ఇది చాలాచోట్ల కనిపిస్తుంది. తేడా వచ్చినవాటినే తిరిగి చూస్తే, రెండు పద్ధతులూ కలిసి తప్పు చెప్పినవి ఎప్పటికీ బయటపడవు. పైగా సవరణ ప్రతిసారీ కొత్త టెస్టు వైపే మొగ్గుతుంది. చేయాల్సింది ఏమిటంటే, రెండూ ఒప్పుకున్న శాంపిళ్ళలోంచి కూడా కొన్ని యాదృచ్ఛికంగా తీసి మూడో పద్ధతికి పంపాలి. ఆ మూడో పద్ధతి వేరే జన్యువును చూసేదై ఉండాలి. అదే జన్యువును చూసే ఇంకో కంపెనీ కిట్ పెడితే ఇద్దరూ ఒకే తప్పు చేసే అవకాశం ఉంది. సరైన ప్రమాణం దొరకనప్పుడు సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ (క్రిమి లేనివాళ్ళను లేదని సరిగ్గా చెప్పే శాతం) అనే మాటలు వాడకుండా "పాజిటివ్‌లలో ఏకీభావం ఇంత శాతం, నెగెటివ్‌లలో ఇంత శాతం" అని రాయడమే నిజాయితీ.

ఎన్ని శాంపిళ్ళు? దీనికి ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక టార్గెట్‌కి మీరు 10 పాజిటివ్ శాంపిళ్ళు పెట్టి పదికి పదీ పట్టుకుందనుకోండి. చూడటానికి 100 శాతం. కానీ 95 శాతం విశ్వాస అవధిలో కింది గీత 69 దగ్గర ఉంటుంది. అంటే అసలు సెన్సిటివిటీ 70 ఉన్నా మీకు ఇలాంటి ఫలితం రావచ్చు. ముప్పైకి ముప్పై వస్తే ఆ కింది గీత 88కి చేరుతుంది. కాబట్టి నేను చెప్పిన ఆరేడు ముఖ్యమైన టార్గెట్లలో దొరికేవాటికి ఒక్కోదానికి కనీసం 30 పాజిటివ్‌లు లక్ష్యంగా పెట్టుకోండి. బ్రోచర్‌లోని 98 దగ్గరకొస్తే, అది 22 టార్గెట్లకూ కలిపి తీసిన సగటో, ఒక్కోదానికి విడిగా తీసిందో అడగండి. కిట్ లోపలి కాగితంలో ఒక్కో టార్గెట్ పక్కన ఎన్ని అసలైన రోగుల శాంపిళ్ళు, ఎన్ని కృత్రిమంగా క్రిమి కలిపి తయారుచేసినవి అని విడిగా రాసి ఉండాలి. అరుదైనవాటికి "3కి 3" అని రాసి ఉంటే, అది 100 శాతం అని మీకు ఎవరు చెప్పినా నమ్మకండి.

ముప్పై దొరకనివాటికి ఏం చేయాలి? క్యారీ బ్లెయిర్‌లోనో, మైనస్ 70 ఫ్రీజర్‌లోనో దాచిన పాత పాజిటివ్‌లు ఎవరి దగ్గరైనా ఉంటే అడగండి. చండీగఢ్‌లో క్రిములను భద్రపరిచే ఎంటీసీసీ నుంచి స్ట్రెయిన్లు (గుర్తించి పెట్టిన క్రిమి రకాలు) తెప్పించుకోవచ్చు. ఆ స్ట్రెయిన్‌ను నెగెటివ్ మోషన్‌లో కలిపి శాంపిల్ తయారుచేయండి, నీళ్ళలో కాదు. మోషన్‌లో పిత్త లవణాలు, రక్తం విరిగిన పదార్థాలు, రకరకాల పాలీశాకరైడ్లు ఉంటాయి. అవన్నీ పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. నీళ్ళలో పది జన్యు కాపీలు పట్టుకున్న కిట్ మోషన్‌లో వెయ్యి ఉన్నా గుర్తించకపోవచ్చు. ప్రతి ట్యూబులోనూ టెస్టు పని చేసిందో లేదో చూపే ఇంటర్నల్ కంట్రోల్ ఉందా, అది ఎక్స్‌ట్రాక్షన్‌కి (మోషన్‌లోంచి డీఎన్ఏ, ఆర్ఎన్ఏ బయటికి తీయడానికి) ముందే కలిపేదా, తర్వాత కలిపేదా చూడండి. ముందే కలిపేది అయితేనే మొత్తం ప్రక్రియ మీద నిఘా ఉన్నట్టు.

ఎక్స్‌ట్రాక్షన్ అన్నాను కాబట్టి మీ కోవిడ్ మెషిన్ సంగతి. పీసీఆర్ మెషిన్ ఓకే. దాని పక్కనున్న ఎక్స్‌ట్రాక్షన్ కిట్లే ఇబ్బంది. గొంతు స్వాబ్‌లోంచి ఒక పల్చటి పొర ఉన్న వైరస్‌ను తీయడానికి తయారైన కిట్, క్రిప్టోస్పోరిడియం ఊసిస్టు గోడను పగలగొట్టలేదు. జియార్డియా సిస్టూ అంతే. దానికి పూసలు వేసి గట్టిగా కుదిపే స్టెప్పు కావాలి. రోటా వైరస్ ఇంకో రకం. దాని ఆర్ఎన్ఏ రెండు పోగులది. మొదట వేడి చేసి ఆ పోగులు విడదీయకపోతే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ (ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే స్టెప్పు) సరిగ్గా జరగదు. కంపెనీ వాళ్ళు డెమోకి తెచ్చేది ముందే తీసి పెట్టిన డీఎన్ఏ అయితే ఈ లోపాలేవీ కనబడవు. డబ్బాలో మోషన్ దగ్గర మొదలుపెట్టి రిపోర్టు దాకా మీ స్టాఫ్ చేతులతో చేయించండి.

ఎంత తక్కువ ఉన్నా పట్టుకుంటుందో చూడాలంటే కలిపిన శాంపిల్‌ను పది పది రెట్లు పలచబరుస్తూ వెళ్ళండి. కంపెనీ చెప్పిన పరిమితి దగ్గర 20 సార్లు చేస్తే కనీసం 19 సార్లు రావాలి. ముఖ్యమైన టార్గెట్లకు ఇది చేస్తే చాలు, అన్నిటికీ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. 22 టార్గెట్లలో ఒక్కోదాని స్పెసిఫిసిటీ 99.5 శాతం అనుకుందాం. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఏ క్రిమీ లేని వంద మందికి ఈ ప్యానెల్ చేస్తే, ఎక్కడో ఒకచోట తప్పు పాజిటివ్ వచ్చేవాళ్ళు దాదాపు 10 మంది. ఇది కిట్ తప్పు కాదు, 22 టార్గెట్ల చిన్న చిన్న తప్పులు కలిసి పెరిగిన ఫలితం. అరుదైన టార్గెట్‌లో ఇంకా ఘోరం. వందలో ఒక్కరికే ఉండే క్రిమికి 98 శాతం స్పెసిఫిసిటీ ఉన్న టెస్టు చేస్తే, వచ్చే ప్రతి మూడు పాజిటివ్‌లలో రెండు అబద్ధం. అందుకే మీ ల్యాబ్‌లో ఒక నియమం రాసి పెట్టుకోండి: అరుదైన టార్గెట్ పాజిటివ్ వస్తే మళ్ళీ ఎక్స్‌ట్రాక్ట్ చేసి రెండోసారి చూడకుండా రిపోర్టు బయటికి పోకూడదు.

అబద్ధం కాని పాజిటివ్‌లతో వచ్చే తలనొప్పి దీనికంటే పెద్దది. 2007 నుంచి 2011 దాకా ఆఫ్రికా, దక్షిణాసియాలలో ఏడు చోట్ల పిల్లల విరేచనాల మీద జెమ్స్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. మన దేశంలో కోల్‌కతా అందులో ఉంది. 9,439 మంది జబ్బు పిల్లల్ని, 13,129 మంది విరేచనాలు లేని పిల్లల్ని చూశారు. జబ్బు పిల్లల్లో 83 శాతం మందిలో ఏదో ఒక క్రిమి దొరికింది. బాగున్న పిల్లల్లో? 72 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ప్యానెల్ పాజిటివ్ అంటే ఏమిటో అర్థమవుతుంది. పిల్లాడి పేగుల్లో జియార్డియా, ఈ. కోలై రకాలైన ఈపీఈసీ, ఈఏఈసీ నెలల తరబడి ఊరికే కూర్చుని ఉండవచ్చు. వాడికి మొన్న మోషన్స్ పట్టుకున్నది వాటివల్లేనని రిపోర్టు చెప్పదు.

అదే అధ్యయనంలోని శాంపిళ్ళలో కొన్నిటిని క్వాంటిటేటివ్ పీసీఆర్‌తో మళ్ళీ చూసిన ఫలితాలు 2016లో వచ్చాయి. ఈసారి క్రిమి ఉందా లేదా అని కాకుండా ఎంత ఉందని కొలిచారు. అప్పుడు షిగెల్లా భారం కల్చర్ చెప్పినదానికి సుమారు రెట్టింపు అని, అడినో వైరస్ 40/41 సుమారు అయిదు రెట్లు అని తేలింది. షిగెల్లా, రోటా, అడినో 40/41, ఎస్టీ టాక్సిన్ ఉన్న ఈటీఈసీ (ఇంకో ఈ. కోలై రకం), క్రిప్టోస్పోరిడియం, క్యాంపైలోబాక్టర్, ఈ ఆరే ముందు వరుసలో నిలిచాయి. మోతాదు ముఖ్యం అన్నమాట.

మన వైపు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. రొయ్యల సీడ్ టెస్టు చేసే ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. వైట్ స్పాట్ మొదటి రౌండ్ పీసీఆర్‌లోనే బ్యాండ్ వస్తే వైరస్ దట్టంగా ఉన్నట్టు, రెండో రౌండ్‌లో మాత్రమే వస్తే పలచగా ఉన్నట్టు. రైతు ఆ తేడా చూసే పిల్ల కొంటాడు. మోషన్ ప్యానెల్‌లో సీటీ విలువ అదే పని చేస్తుంది. క్రిమి కనబడటానికి మెషిన్ ఎన్ని రౌండ్లు తిరగాల్సి వచ్చిందో చెప్పే అంకె అది; ఎంత తక్కువుంటే క్రిమి అంత ఎక్కువ. రెండేళ్ళ పాపకి నిన్నటి నుంచి వాంతులు, నీళ్ళ విరేచనాలు. ప్యానెల్‌లో నొరో సీటీ 19, సాల్మొనెల్లా సీటీ 38. జ్వరం లేదు, మోషన్‌లో రక్తం లేదు. ఇందులో దోషి ఎవరో పీసీఆర్ నిపుణుడు చెప్పక్కర్లేదు. కానీ రిపోర్టులో రెండూ "డిటెక్టెడ్" అని ఒకే అక్షరాల్లో వస్తే, సాల్మొనెల్లా అనే పేరు చూసి సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించే డాక్టర్లు ఉన్నారు. ఒక్క హెచ్చరిక: సీటీ విలువ మోషన్ ఎంత పలచగా ఉంది, ఎంత బాగా ఎక్స్‌ట్రాక్ట్ అయింది అనేదాన్ని బట్టి మారుతుంది. ఒక కిట్ సీటీని ఇంకో కిట్ సీటీతో పోల్చకూడదు. కొన్ని కార్ట్‌రిడ్జ్ మెషిన్లు సీటీని చూపించవు కూడా. కొనేముందు అది అడగండి.

అందుకే మూల్యాంకనంలో విరేచనాలు లేని పిల్లల శాంపిళ్ళు ఒక యాభై అయినా పెట్టమంటాను. దీనికి ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. దగ్గర్లోని మెడికల్ కాలేజీతో కలిసి చేస్తే సులువు. బాగున్న పిల్లల్లో ఏ క్రిమి ఏ సీటీ దగ్గర వస్తోందో మీ దగ్గర రాసి ఉంటే, రేపు డాక్టర్ ఫోన్ చేసి "ఇది నమ్మొచ్చా?" అని అడిగినప్పుడు మీ ఊరి లెక్కతో జవాబివ్వగలరు.

రోటా విషయంలో ఇంకో మెలిక ఉంది. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో రోటా వ్యాక్సిన్ మొదలైన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు చుక్కలు వేస్తారు. అది బతికున్న బలహీన వైరస్, మోషన్‌లో కొన్నాళ్ళు బయటికి వస్తుంది. పీసీఆర్ దాన్నీ పట్టుకుంటుంది. శాంపిల్ ఫారంలో "రోటా చుక్కలు చివరిసారి ఎప్పుడు వేశారు" అనే గడి పెట్టండి. అలాగే ఏడాది లోపు పిల్లల్లో సీ. డిఫిసిల్ తరచుగా ఏ హానీ లేకుండా ఉంటుంది. ఆ వయసువాళ్ళకి ఆ టార్గెట్ రిపోర్ట్ చేయకండి. పెద్దవాళ్ళలో కూడా గట్టిగా కట్టిన మోషన్ వస్తే తిప్పి పంపండి.

తీరప్రాంతంలో ల్యాబ్ నడుపుతున్నారు కాబట్టి విబ్రియో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉప్పుటేరుల్లో, చెరువుల్లో కలరా తెచ్చే ఓ1, ఓ139 రకాలు కాని విబ్రియో కలరే సహజంగా ఉంటుంది. దానివల్ల కొద్దిపాటి విరేచనాలు రావచ్చు, కానీ అది కలరా కాదు. మీ కిట్ చూసేది జాతిని గుర్తించే జన్యువునా, కలరా టాక్సిన్ జన్యువునా? కిట్ కాగితంలో ఇది వెతికి చూడండి. జాతి జన్యువు మాత్రమే అయితే "విబ్రియో కలరే పాజిటివ్" అనే మీ రిపోర్టుతో డీఎంహెచ్‌వో ఆఫీసు కదులుతుంది, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో "కలరా కలకలం" అని వస్తుంది. ఆ పాజిటివ్ వచ్చిన శాంపిల్ అదే రోజు విబ్రియోను పెంచే టీసీబీఎస్ ప్లేట్ ఎక్కాలి. పసుపు కాలనీలు వస్తే ఓ1 యాంటీసీరంతో అగ్లుటినేషన్ (బాక్టీరియా ముద్దలు కట్టడం) చూడాలి. ఓ1 అని తేలితే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ నిఘా విభాగానికి చెప్పాలి.

కల్చర్ బెంచిని మూసేయకూడదనడానికి ఇదొక్కటే కారణం కాదు. పీసీఆర్ షిగెల్లా ఉందంటుంది, సిప్రోఫ్లోక్సాసిన్ పనిచేస్తుందా లేదా చెప్పదు. పైగా షిగెల్లాకి వాడే ఐపాహెచ్ జన్యువు ఈఐఈసీ అనే ఈ. కోలై రకంలో కూడా ఉంటుంది. కాబట్టి రిపోర్టులో "షిగెల్లా లేదా ఈఐఈసీ" అనే రాయాలి. బాక్టీరియా పాజిటివ్ వచ్చిన శాంపిల్‌ను వెంటనే కల్చర్‌కి వేయడం 2017 నాటి అమెరికా అంటువ్యాధి నిపుణుల సంఘం (ఐడీఎస్ఏ) మార్గదర్శకాల్లోనూ ఉంది. ప్యానెల్‌కి ఎక్కించేముందే కొంచెం మోషన్ క్యారీ బ్లెయిర్‌లో విడిగా దాచి పెట్టకపోతే ఇది కుదరదు.

ప్యానెల్‌కి అందనివి కూడా మీ డాక్టర్లకు ముందే చెప్పండి. కొంకిపురుగులు, ఏలికపాములు, స్ట్రాంజిలాయిడిస్ చాలా ప్యానెళ్ళలో ఉండవు. హెచ్ఐవీ రోగుల్లో ముఖ్యమైన పరాన్నజీవి సిస్టోఐసోస్పోరా కూడా చాలావాటిలో లేదు. మైక్రోస్కోప్ కింద దాన్ని చూపించే మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ మానకండి. టైఫాయిడ్ అనుమానానికి మోషన్ పీసీఆర్ పంపేవాళ్ళు కచ్చితంగా వస్తారు. దానికి మొదటి వారంలో బ్లడ్ కల్చరే సరైనది. (టైఫాయిడ్‌కి చేసే వైడాల్ టెస్టు సంగతి ఎత్తితే ఈ జవాబు రేపటికీ పూర్తి కాదు.)

కంటామినేషన్ పరీక్ష, అంటే ఒక శాంపిల్ డీఎన్ఏ ఇంకోదానిలో కలుస్తోందా అని చూడటం, మీరు తప్పకుండా చేయాలి. కోవిడ్ టైములో వాడిన గదిలోనే ఇది పెడుతున్నారు కదా. ప్లేట్‌లో చదరంగం గళ్ళలా ఒక బావిలో (శాంపిల్ వేసే గుంటలో) బలమైన పాజిటివ్, పక్క బావిలో నెగెటివ్ పెట్టి నడపండి. నెగెటివ్‌లలో సీటీ 36, 37 దగ్గర వరుసగా గీతలు లేస్తే, అది పక్క బావి నుంచి తుళ్ళినది. అన్ని ప్లేట్లలోనూ ఒకే టార్గెట్ అలా వస్తుంటే గదిలోనే యాంప్లికాన్ (పాత పీసీఆర్‌లలో తయారైన డీఎన్ఏ ముక్కలు) పేరుకుందని అర్థం. రియాజెంట్ గదిలోంచి శాంపిల్ గదికి, అక్కడ్నుంచి మెషిన్ గదికి మనిషి ఒకే దిశలో నడవాలి. గ్లవ్స్, కోటు గదికొకటి.

ల్యాబులకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు మీకు ఉంటే, వైద్య ల్యాబుల ప్రమాణం ఐఎస్ఓ 15189 ప్రకారం ఇదంతా కాగితం మీద ఉండాలి. కిట్ మెడికల్ డివైసెస్ రూల్స్ 2017 కింద అనుమతి పొందినదైతే, కంపెనీ చెప్పిన పనితీరు మీ చేతుల్లోనూ వస్తోందని నిరూపిస్తే చాలు. మీరు కిట్‌ను మార్చి వాడితే, ఉదాహరణకి వేరే ఎక్స్‌ట్రాక్షన్ పెడితే, మొత్తం వ్యాలిడేషన్ మీ నెత్తిన పడుతుంది. ఇద్దరు టెక్నీషియన్లతో, వేర్వేరు రోజుల్లో, రెండు లాట్ల (తయారీ బ్యాచ్‌ల) కిట్లతో చేయించండి. ఒక్క నెలలో ముగించకండి. మనకి రోటా చలికాలంలో ఎక్కువ, బాక్టీరియా ఎండల్లోనూ వానల్లోనూ ఎక్కువ. వేసవిలో మాత్రమే చూస్తే రోటాకి పాజిటివ్‌లు సరిపడా దొరకకపోవచ్చు.

కంపెనీ వాళ్ళు ఫ్రీ డెమో కిట్ ఇస్తామంటారు. తీసుకోండి, కానీ డెమోకి ఇచ్చే లాట్ నంబరు, తర్వాత అమ్మే లాట్ నంబరు రాసి పెట్టుకోండి. కిట్ చెన్నై నుంచి ఏ పార్శిల్‌లో, ఎన్ని గంటల్లో, ఎన్ని డిగ్రీల్లో వచ్చిందో చూపించే టెంపరేచర్ లాగర్ పెట్టెలో ఉండాలని ఆర్డర్ కాగితంలోనే రాయించండి. జెల్ ప్యాకులు కరిగి వచ్చిన పెట్టెను తిప్పి పంపే హక్కు కూడా అందులోనే రాసి ఉండాలి.